రాని ప్రయోగాలు

(ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంత సైన్సు ఉపాధ్యాయులు దిగువ అహోబిలంలో జరుపుకున్న సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

ఇవాళ మనం తలుచుకుంటున్న సారు మంచితనం గురించి, ఆయన బడికి వచ్చే వేళల గురించి నాకంటే బాగా చెప్పగలిగిన వాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ఆయన రాసుకున్న ఒక నోట్‌బుక్ గురించి మాట్లాడతాను. అట్ట చిరిగితే కాకీ కాగితం వేసి మళ్లీ కుట్టిన లాంగ్ నోట్‌బుక్ అది. పైన ఆయన చేతిరాతలో ‘రాని ప్రయోగాలు’ అని ఉంటుంది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పినన్నాళ్లూ, తరగతిలో చేసి చూపించబోతే రాకుండా పోయిన ప్రయోగాలను ఆయన అందులో రాసి పెట్టుకున్నారు. తేదీ, తరగతి, ఏం జరగాలి, ఏం జరిగింది, పిల్లలు ఏమడిగారు. కింద రెండు మూడు గీతలు ఖాళీగా వదిలేవారు. కారణం తెలిసిన రోజున, అది వారానికి కావచ్చు, కొన్నేళ్లకు కావచ్చు, ఎర్ర సిరాతో ఆ ఖాళీ నింపేవారు. కొన్ని ఖాళీలు ఈ రోజుకీ అలాగే ఉన్నాయి.

సైన్సు టీచరు వృత్తిలో ఎదగడమంటే ఏమిటో ఆ నోట్‌బుక్ చెప్పినంత తేటగా నాకు ఏ శిక్షణ మాడ్యూలూ చెప్పలేదు. ఇవాళ నేను చెప్పదలిచింది ఒకటే. పిల్లవాడికి మనం ఇవ్వాలనుకుంటున్నది ముందుగా టీచరుకు అందాలి. సొంత ప్రశ్న, చేత్తో చేసి చూసే వీలు, తప్పు వచ్చినప్పుడు దాని దగ్గర తోటివాళ్లతో కూర్చునే సమయం. ఈ మూడూ దక్కని టీచరును ఎన్ని శిక్షణలకు పిలిచినా హాజరుపట్టీ నిండుతుందే గానీ తరగతి గది మారదు.

నోట్‌బుక్‌లో ఒక పేజీ మీ ముందు విప్పుతాను. మనందరికీ తెలిసిన ప్రయోగమే. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గాజు గ్లాసు బోర్లిస్తాం. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో అయిదో వంతు ఆక్సిజన్, అది ఖర్చయింది కాబట్టి ఆ చోటులోకి నీళ్లు వచ్చాయి అని చెప్పేస్తాం. తరతరాలుగా చెబుతున్నాం. సారు తరగతిలో ఒక పాప, వెనక వరసలో ఉన్నవాళ్లకు కూడా కనపడాలని, ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టింది. నీళ్లు అయిదో వంతు దగ్గర ఆగలేదు, ఇంకా పైకి వెళ్లాయి. ‘సార్, మూడు కొవ్వొత్తులు పెడితే గాలిలో ఆక్సిజన్ ఎక్కువవుతుందా?’ అని అడిగింది.

ఆ ప్రశ్నను సారు నోట్‌బుక్‌లో పెట్టి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే నెలాఖరు స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి పళ్లెం, గ్లాసులు, కొవ్వొత్తుల ప్యాకెట్టు పట్టుకెళ్లారు. భోజనాల తర్వాత నలుగురు సైన్సు టీచర్లు బెంచీ చుట్టూ చేరారు. ఒక కొవ్వొత్తితో చేశారు, రెండింటితో చేశారు, మూడింటితో చేశారు. ప్రతిసారీ నీటి మట్టం వేరుగా ఉంది. ఖర్చయ్యే ఆక్సిజనే కారణమైతే అలా ఉండకూడదు. అప్పుడు ఒక మేడమ్ ఇంకో సంగతి పట్టుకున్నారు. కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా ఎక్కడం లేదు, మంట ఆరిన తర్వాతే గబగబా ఎక్కుతున్నాయి. మళ్లీ చేసి, ఈసారి గ్లాసు అంచు దగ్గర కళ్లు పెట్టి చూశారు. బోర్లించిన క్షణంలో అంచు కింద నుంచి బుడగలు బయటికి పోతున్నాయి.

విషయం అక్కడ తేలింది. మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి గాలి పీడనం నీళ్లను లోపలికి నెడుతుంది. కొవ్వొత్తులు ఎక్కువైతే వేడి ఎక్కువ, బయటికి పోయే గాలీ ఎక్కువ. పైగా కొవ్వొత్తి ఆక్సిజన్ మొత్తాన్నీ వాడుకోదు. ఆక్సిజన్ 21 శాతం నుంచి 16 శాతం దరిదాపులకు దిగితే చాలు, మంట ఆరిపోతుంది. మనం చెప్పే కారణానికీ, వచ్చే ఫలితానికీ పొత్తు కుదరడం యాదృచ్ఛికం.

మరి అయిదో వంతు నిజంగా చూపించాలంటే? ఎర్ర సిరాతో ఆ దారి కూడా రాసి ఉంది. లేత్ షాపు దగ్గర రాలిన ఇనుప రజనును కాగితం చుట్టిన అయస్కాంతంతో ఏరుకోవాలి. పరీక్షనాళిక లోపలి గోడలు తడిపి రజను అంటించాలి. నాళికను నీళ్లలో బోర్లించి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచాలి. ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్‌ను మెల్లగా తీసుకుంటుంది, వేడి గొడవ లేదు. నీళ్లు నాళికలో దాదాపు అయిదో వంతు దాకా ఎక్కి ఆగుతాయి. ఖర్చేమీ లేదు, కావలసింది ఓపిక.

ఈ కథను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ మధ్యాహ్నం ఆ నలుగురూ పొందినదాన్ని నేను వృత్తి శిక్షణ అంటాను. పై నుంచి ఎవరూ వచ్చి చెప్పలేదు, పవర్‌పాయింట్ లేదు. ఒక ఎనిమిదో తరగతి పాప అడిగింది, నలుగురు పెద్దవాళ్లు దాన్ని గౌరవించారు. మరుసటి వారం నాలుగు బడుల్లో ఆ పాఠం మారిపోయింది.

ఇప్పుడు మనకు జరుగుతున్న శిక్షణల వైపు చూద్దాం. జాతీయ విద్యావిధానం 2020 ప్రతి టీచరుకూ ఏటా కనీసం 50 గంటల నిరంతర వృత్తి వికాసం ఉండాలని చెప్పింది. అంతకుముందే, 2019 ఆగస్టులో ‘నిష్ఠ’ టీచర్ శిక్షణ కార్యక్రమం మొదలైంది. కోవిడ్ వచ్చాక అది దీక్షా ఆన్‌లైన్ వేదిక మీదికి, అంటే మన సెల్‌ఫోన్లలోకి వచ్చింది. యాభై గంటలు అన్నది మంచి మాటే. ఆ గంటల్లో ఏం జరుగుతోందన్నదే నా బాధ. వీడియో పూర్తిచేసి, క్విజ్ ముగించి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటే గంటలు లెక్కకు వస్తాయి. ఏ వీడియోకూ ఎదురు ప్రశ్న వేయలేం. మూడు కొవ్వొత్తుల పాపను తీసుకెళ్లి ఏ క్విజ్ ముందు కూర్చోబెట్టాలి?

నేరుగా జరిగే శిక్షణల్లో ఇంకో చిక్కు. రాష్ట్ర స్థాయిలో కొందరికి చెబుతారు, వాళ్లు జిల్లాలో చెబుతారు, జిల్లా వాళ్లు మండలంలో చెబుతారు. మండలానికి చేరేసరికి ప్రయోగం పోయి ప్రయోగం గురించిన మాట మిగులుతుంది. రిసోర్స్ పర్సన్లను నేను తప్పుపట్టడం లేదు. వాళ్లూ మన తోటి టీచర్లే, రెండు రోజుల్లో విన్నదాన్ని రెండు రోజుల్లో అప్పజెప్పమంటే ఎవరైనా అంతే చేయగలరు.

ఇంకో పద్ధతి సాధ్యమేనా అంటే, సాధ్యమేనని మన దేశంలోనే రుజువైంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు, 16 ప్రభుత్వ బడుల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వ అనుమతితో మొదలుపెట్టాయి. 1978కల్లా జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తర్వాత దాన్ని నడిపింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు ప్రయోగాలు చేసి తామే నిర్ధారణకు రావాలన్నది పద్ధతి. దానికోసం టీచర్లు వేసవిలో మూడు వారాలు కూర్చుని, పిల్లలు చేయబోయే ప్రతి ప్రయోగాన్నీ తమ చేతులతో చేసేవారు. పక్కన యూనివర్సిటీల నుంచి, పరిశోధన సంస్థల నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు ఉండేవారు. ఏడాది పొడవునా నెలకోసారి కలిసి, ఏ అధ్యాయం ఎక్కడ తన్నిందో చెప్పుకునేవారు. ఆ చర్చల్ని బట్టి పాఠ్యపుస్తకమే మారేది. పరీక్షకు పిల్లలు పుస్తకం తెచ్చుకునే వీలుండేది, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబుతో ఆకారాలు కట్టి చూపించే అరవింద్ గుప్తా, 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి పనిచేసింది ఈ కార్యక్రమంలోనే. ముప్ఫై ఏళ్లు నడిచాక, 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆపేసిన తీరు నాకు ఇప్పటికీ బాధే. ముప్ఫై ఏళ్ల పాటు మామూలు ప్రభుత్వ టీచర్లు అలా పనిచేయగలిగారన్న సంగతిని మాత్రం ఏ ఉత్తర్వూ రద్దు చేయలేదు.

మన దగ్గరా ఆ జాడలు లేకపోలేదు. 1980లలో బ్రిటిష్ సాయంతో వచ్చిన ఏపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) కార్యక్రమంలో టీచర్ సెంటర్లు ఉండేవి. ఇక్కడున్న రిటైరైన పెద్దలకు గుర్తుండే ఉంటుంది, అట్టలు, రంగులు, గింజలు పట్టుకుని వెళ్లేవాళ్లు. తర్వాత వచ్చిన జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, డీపీఈపీలో మన ఉమ్మడి కర్నూలు మొదటి విడత జిల్లాల్లో ఒకటి. ఇవాళ మనం నడుపుతున్న స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన అంతకంటే పాతది, కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. అంటే గది ఉంది, తేదీ ఉంది, టీచర్లు వస్తున్నారు. కానీ ఆ రోజులో ఎక్కువ భాగం సర్క్యులర్లు చదవడానికి, వివరాలు నింపడానికి పోతోంది.

కుప్పం వైపు వెళ్లి చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ అక్కడి కొండల్లో తన విజ్ఞాన కేంద్రాన్ని కట్టుకుంది. అంతకంటే నాకు నచ్చింది వాళ్ల వ్యాన్లు. ప్రయోగాల సామాను వేసుకుని పల్లె బడి ముందు ఆగుతాయి. మన అహోబిలేశుడు కనుమ నాడు కొండ దిగి పారువేటకు బయలుదేరి, నెల దాటి ఊరూరా తిరిగి, జనం దగ్గరికి తానే వెళతాడు. టీచరును జిల్లా కేంద్రానికి రప్పించే శిక్షణ కూడా ఆ దారి పట్టి బడికి రావాలని నా కోరిక. జిల్లా టీచర్ శిక్షణ సంస్థ (డైట్) లెక్చరర్ ఒకరు ఏడాదిలో ఒక్కసారి రుద్రవరంలోనో, చాగలమర్రిలోనో తొమ్మిదో తరగతి ముందు నిలబడి పాఠం చెప్పి, తర్వాత ఆ బడి టీచరుతో కూర్చుని మాట్లాడితే, ఇద్దరికీ శిక్షణ జరుగుతుంది.

ఇక అవకాశాల మాట. మన ప్రాంతంలో సైన్సు టీచరుకు దొరికే వనరులు చూస్తే నాకు ఆశ పుడుతుంది. ల్యాబు లేదు, సామాను లేదు అంటాం, అది నిజమే. కొత్తగా సామాను వచ్చిన చోట బీరువా తాళం తీయడానికి భయపడతాం, అదీ నిజమే. కానీ ఈ ఊరికి వచ్చే దారి చూడండి. ఆళ్లగడ్డలో రోడ్డుకు రెండు వైపులా శిల్పుల షెడ్లు. ఉలి దెబ్బల మోత వినకుండా అక్కడ పెరిగిన పిల్లలు ఉండరు. శిల్పి రాయిని ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి మోత వింటాడు. గంటలా మోగితే మంచి రాయి, బొంగురుగా పలికితే లోపల పగులో, పొరో ఉందని అనుమానిస్తాడు. ఎనిమిదో తరగతి ధ్వని పాఠానికి ఇంతకంటే మంచి ప్రవేశం ఏ పుస్తకంలో ఉంది? శిల్పి ఇంటి పిల్లవాడి నాన్నను ఒక్క పీరియడ్ తరగతికి పిలిస్తే చాలు. పగులు ఉంటే మోత ఎందుకు మారుతుందన్నది టీచరు వివరించగలగాలి. అక్కడే టీచరు తాను మళ్లీ చదువుకోవలసి వస్తుంది. నేను కోరుకునే వృత్తి వికాసం అలాంటి అవసరంలోంచి పుట్టాలి.

రాళ్ల దగ్గరే ఇంకాస్త ఆగుతాను. బేతంచర్ల వైపు నుంచి వచ్చే నాపరాయి సున్నపురాయి జాతి. గీకి పొడి చేసి నిమ్మరసం చుక్క వేస్తే సన్నటి బుడగలు వస్తాయి. మన చుట్టూ ఉన్న నల్లమల కొండల క్వార్ట్‌జైట్ మీద అదే నిమ్మరసం వేయండి, ఏమీ జరగదు. ఒకటి నీటికి లొంగే రాయి, రెండోది నీటికి మొండికేసే రాయి. అందుకే కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు ఏర్పడ్డాయి, ఇక్కడ నిట్టనిలువు కొండ గోడలు నిలబడ్డాయి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ప్రస్తావించిన ఆ గుహల పొడవు 3,229 మీటర్లని కొలిచారు. ఏటా ఎన్నో బడులు పిక్నిక్‌కు తీసుకెళతాయి, ఫొటోలు దిగి వచ్చేస్తాయి. ముందు వారం తరగతిలో నిమ్మరసం ప్రయోగం చేసి, వాననీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ సున్నపురాయిని ఎలా తినేస్తుందో మాట్లాడుకుని, ఒక్కో పిల్లవాడు ఒక్కో ప్రశ్న జేబులో పెట్టుకుని బస్సెక్కితే ఆ పిక్నిక్ సైన్సు పాఠమవుతుంది. ఇక్కడి క్వార్ట్‌జైట్ పొరల్లో అలల ముద్రలు కనిపిస్తాయి. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఏదో లోతులేని సముద్రపు ఇసుక మీద నీళ్లు కదిలిన గుర్తులవి. కొండమీద సముద్రం ఏమిటి సార్ అని పిల్లవాడు అడగకపోతే, చూపించడంలో మనమే ఎక్కడో పొరబడి ఉంటాం.

బయాలజీ టీచర్లకు నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. పత్తిలో ‘నరసింహ’ రకం అక్కడ పుట్టిందే. మెషీన్‌తో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే శనగ రకం ఎన్‌బీఈజీ 47 కూడా అక్కడిదే. కోవెలకుంట్ల వైపు నల్లరేగడి చేలలో డిసెంబరులో శనగ మొక్కను చుట్టూ తవ్వి, మట్టితో సహా తీసి, నీళ్లలో మెల్లగా కడగండి. పెరికితే వేరు బుడిపెలు నేలలోనే తెగి ఉండిపోతాయి. బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు ఉంటుంది. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. బుడిపె బాగా పనిచేస్తోందనడానికి ఆ రంగే గుర్తు. మొక్కలో రక్తం రంగు చూసిన పిల్లవాడు నత్రజని స్థాపన పాఠాన్ని మర్చిపోడు. చేనిగట్టు మీద నిలబడి మాట్లాడే టీచరును రైతులు కూడా ప్రశ్నలు అడుగుతారు. యూరియా వేస్తే బుడిపెలు తగ్గుతాయా అని అడిగితే, ఆ ప్రశ్నతో పరిశోధన స్థానం గేటు దాటాలి. అక్కడి శాస్త్రవేత్తలూ, మన టీచర్లూ ఒకే జిల్లాలో పక్కపక్కనే ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవడం నాకు నచ్చదు.

చెంచు గూడేల నుంచి వచ్చే పిల్లల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ అహోబిల క్షేత్రంలో చెంచు ఆడబిడ్డ చెంచులక్ష్మికి దక్కిన గౌరవం తరగతి గదిలో ఆ పిల్లలకు దక్కడం లేదు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుంది, ఏ తేనెపట్టు ఏ పూల మీద ఆధారపడింది, ఏ దుంప ఏ నెలలో తవ్వాలి అన్నది వాళ్ల ఇళ్లలో తెలిసిన విషయం. పరాగ సంపర్కం పాఠం చెప్పే రోజు టీచరు కాసేపు శిష్యుడిగా కూర్చుంటే తప్పేమీ లేదు. ఒక చెంచు పిల్ల చెప్పింది బోర్డు మీద రాసి, దానికి పుస్తకంలోని పదం పక్కన రాస్తే, ఆ తరగతిలో ఆమెకు ఒక చోటు ఏర్పడుతుంది.

సంస్థాగతమైన అవకాశాలు కూడా ఉన్నాయి. వాటిని త్వరగా చెప్పి ముందుకు వెళతాను. ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఒక్కో బడి అయిదు ఆలోచనలు పంపవచ్చు, ఎంపికైతే పిల్లవాడి ఖాతాలో పదివేల రూపాయలు పడతాయి. 1993 నుంచి నడుస్తున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ సొంత ఊరి సమస్య మీద పనిచేయమంటుంది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక నడిపే చెకుముకి పత్రికనూ, సైన్సు సంబరాలనూ సారు ఎప్పుడూ వదల్లేదు. అటల్ టింకరింగ్ ల్యాబుకు ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా వస్తాయి. వీటిలో పిల్లలకు బహుమతులున్నాయి, టీచరుకు పని ఉంది. ఆ పనికి అవసరమైన సమయాన్ని ఎవరూ ఇవ్వడం లేదన్నదే లోటు. ప్రాజెక్టును ఇంటర్నెట్ నుంచి దించి అట్టముక్క మీద అంటించి పంపేది ఆ లోటు వల్లే.

అందుకే అధికారుల ముందు కొన్ని కోరికలు పెడుతున్నాను. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మధ్యాహ్నం పూట మొత్తం సైన్సు టీచర్లకు వదిలేయండి. ఆ పూట సర్క్యులర్ చదవవద్దు, ఫొటో ఎక్కించమనవద్దు. ప్రతి టీచరూ తన తరగతిలో రాని ప్రయోగం ఒకటి తెస్తాడు, అందరూ కలిసి చేసి చూస్తారు. దాన్ని ఆ యాభై గంటల్లో లెక్కపెట్టండి. పిల్లల్ని బయటికి తీసుకెళ్లడానికి అనుమతి హెడ్‌మాస్టర్ స్థాయిలో అయ్యేలా చూడండి. మన పాఠ్యపుస్తకాలు విద్యాప్రమాణాల్లో ప్రశ్నించడాన్నీ, ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలనూ విషయావగాహన పక్కనే నిలబెట్టాయి. పుస్తకం మొదటి పేజీల్లో రాసినదాన్ని పరీక్ష పేపరు కూడా గౌరవించాలి. పదో తరగతి ఫలితాల శాతం ఒక్కటే అడిగే సమీక్షా సమావేశంలో, ఈ ఏడాది మీ పిల్లలు అడిగిన మంచి ప్రశ్న ఏది అని ఏ అధికారైనా ఒక్కసారి అడిగి చూడాలి.

కొన్ని బడుల్లో ఫిజికల్ సైన్సు, బయాలజీ రెండూ ఒక్కరే మోస్తున్నారు. అలాంటి టీచరుకు మాట్లాడడానికి అదే బడిలో ఇంకో సైన్సు మనిషి లేరు. నేను చెప్పిన మధ్యాహ్నం వాళ్లకు అందరికంటే ఎక్కువ అవసరం.

అధికారులు ఒప్పుకునేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది, కర్ర నీడతో భూమి చుట్టుకొలత లెక్కగట్టడం. దాంతో ఆపుతాను.

మనం కర్కట రేఖకు దక్షిణంగా ఉన్నాం కాబట్టి ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. అహోబిలం, ఆళ్లగడ్డ అక్షాంశం 15.1 డిగ్రీల ఉత్తరం. మన దగ్గర అది మే ఒకటి ప్రాంతంలో ఒకసారి, అప్పుడు వేసవి సెలవులు, ఆగస్టు 11 ప్రాంతంలో ఇంకోసారి వస్తుంది. ఆగస్టులో నంద్యాలకు ఒక రోజు ముందు వస్తుంది. ఆగస్టులో బడులు ఉంటాయి. మన గడియారం మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాలు చూపే వేళకు సూర్యుడు నెత్తిన ఉంటాడు. పన్నెండుకే ఎందుకు ఉండడన్నది పిల్లలు తప్పకుండా అడుగుతారు, 82.5 డిగ్రీల రేఖాంశం కథ, సూర్యుడి వేళకూ గడియారానికీ ఉండే తేడా చదువుకుని రండి. మహీధర నళినీమోహన్ ‘కేలండర్ కథ’ లైబ్రరీలో దొరికితే మరీ మంచిది.

హైదరాబాద్ మనకు దాదాపు సూటిగా ఉత్తరాన, సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉంది. మన నీడ మాయమైన ఆ క్షణంలోనే అక్కడ మీటరు కర్రకు నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ నీడ పడుతుంది, ఉత్తరం వైపు. అంటే సూర్యుడు అక్కడ నడినెత్తికి 2.25 డిగ్రీలు పక్కకు ఉన్నాడు. 360ని 2.25తో భాగిస్తే 160. దాన్ని 250తో గుణిస్తే 40,000 కిలోమీటర్లు, భూమి చుట్టుకొలత. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరతోస్తనీసు ఈజిప్టులో చేసిన లెక్కను ఆళ్లగడ్డ పిల్లలు తమ కొలతలతో చేయగలరు. సూర్యుడు చుక్కలా కాకుండా బిళ్లలా కనపడతాడు కాబట్టి మీటరు కర్ర నీడ అంచు మసకగా ఉంటుంది. రెండు మిల్లీమీటర్లు తప్పు కొలిస్తే భూమి చుట్టుకొలత రెండువేల కిలోమీటర్లు తప్పుతుంది. ఆ తప్పు గురించి మాట్లాడుకోవడం కోసమైనా ఇది చేయాలి.

కాబట్టి ఇవాళ ఇంటికి వెళ్లేముందు ఈ పని పంచుకుందాం. ఆళ్లగడ్డ, అహోబిలం బడులు ఆగస్టు 10, 11, 12 మూడు రోజులూ కొలవాలి, మబ్బు పట్టే నెల కాబట్టి ఒక్కరోజు మీద ఆధారపడలేం. నంద్యాల బడులు 9 నుంచి మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లో పనిచేస్తున్న మన పాత విద్యార్థుల్లో టీచర్లు ఉన్నారు, వాళ్ల బడులతో మాట్లాడే బాధ్యత నేను తీసుకుంటాను. ఒక మీటరు ప్లాస్టిక్ పైపు, అది నిలువుగా ఉందో లేదో చూడ్డానికి దారానికి కట్టిన ఇనుప గుండు, తెల్ల చార్టు, స్కేలు, పెన్సిల్ ఉంటే సరిపోతుంది. పన్నెండు గంటల నుంచి పన్నెండు ముక్కాలు దాకా అయిదు నిమిషాలకోసారి నీడ కొనను చార్టు మీద గుర్తుపెట్టించండి, గుర్తు పెట్టేది పిల్లలే. కొలతలు, రానివి కూడా, చార్టుతో సహా ఆగస్టు కాంప్లెక్స్ సమావేశానికి తీసుకురండి. సారు నోట్‌బుక్ జిరాక్స్ ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి. బడికొకటి పట్టుకెళ్లండి, వెనక తెల్ల పేజీలు కుట్టించి ఇచ్చాం.